తోటలో దీపస్తంభాలు: ఎంత ఎత్తు, ఎంత వెలుగు, నేల లోపల ఏముండాలి

ఇల్లు కట్టడం అయిపోయి, కాంపౌండ్ వాల్ లేచి, ముందు నాలుగు మొక్కలు నాటుకున్నాక చాలామందికి వచ్చే ఆలోచన ఇది: తోటలో రెండు దీపస్తంభాలు పెడితే బాగుంటుంది కదా అని. వెంటనే లైట్ల షాపుకి వెళ్తారు. అక్కడ వరసగా నిలబెట్టిన మోడళ్లలో పాతకాలపు లాంతరు ఆకారంలో ఉన్నదో, తెల్లటి గుండ్రటి గ్లోబుదో నచ్చుతుంది, బేరమాడి కొనేస్తారు, ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తారు. ఈ వరస మొత్తం తలకిందులుగా ఉందని నా గట్టి అభిప్రాయం. స్తంభం ఆకారం చివర్లో చూసుకోవాల్సింది. వెలుగు ఎక్కడ పడాలి, స్తంభం ఏ మట్టిలో నిలబడబోతోంది, వానాకాలం తడి నేలలో ఆ కరెంటు ఎవరినీ తాకకుండా ఎలా కట్టడి చేయాలి, ఇవి ముందు తేలాలి. నా లెక్కలో బడ్జెట్‌లో పెద్ద వాటా కంటికి కనపడని పనికే పోవాలి, అంటే పునాదికి, కేబుల్‌కి, ఎర్తింగ్‌కి, బోర్డులో పెట్టే రక్షణకి.

నేను మాట్లాడుతున్నది పెద్ద పెద్ద ఎస్టేట్ల గురించి కాదు. మూడొందల నుంచి అయిదొందల గజాల స్థలంలో ఇల్లు పోగా మిగిలిన ముందు వాకిలి, పక్క సందు, వెనక పెరడు ఉన్నవాళ్ల గురించి, ఊళ్లో పాత ఇంటి చుట్టూ కొబ్బరి, మామిడి చెట్ల దొడ్డి ఉన్నవాళ్ల గురించి, షాద్‌నగర్ వైపో చేవెళ్ల వైపో చిన్న ఫామ్‌హౌస్ కట్టుకున్నవాళ్ల గురించి.

వెలుగు దేనికి?

తోటలో వెలుగు మొదట పురుగూ పుట్రా కనపడటానికి. తర్వాత మెట్టు తప్పి ఎవరూ పడకుండా ఉండటానికి, గేటు దగ్గరికి వచ్చింది ఎవరో మొహం పోల్చుకోవడానికి. ఈ అవసరాలన్నీ నేల మీద, మనిషి మొహం మీద వెలుగు పడితే తీరేవే. ఆకాశంలోకో, పక్కింటివాళ్ల పడకగది కిటికీలోకో పోయే వెలుగుతో మనకి పని లేదు. ఈ కొలబద్ద పెట్టుకుని చూస్తే షాపుల్లో బాగా అమ్ముడుపోయే తెల్ల గ్లోబు లైటు అంత మంచి ఎంపిక కాదు. అది అన్ని వైపులకీ సమానంగా వెలుగు చిమ్ముతుంది కాబట్టి దాదాపు సగం పైకే పోతుంది. మిగతాదాంట్లో చాలా భాగం సూటిగా మన కళ్లలో పడుతుంది. కళ్లలో వెలుగు కొడితే కంటిపాప ముడుచుకుంటుంది, దాంతో దారి పక్క నీడలు ఇంకా నల్లగా మారతాయి, ఏ పాము కోసం భయపడి లైటు పెట్టామో ఆ పామే కనపడకుండా పోతుంది. అందుకే పైన మూత ఉండి, బల్బు సూటిగా కనపడకుండా, వెలుగంతా కిందికి దించే దీపం తీసుకోండి అంటాను. పాతకాలపు లాంతరు మోడల్ అంటే ఇష్టమైతే అందులోనూ బల్బు పై టోపీలో దాగి ఉండే రకం దొరుకుతుంది, లేదంటే అద్దాలు పాలరంగువి తీసుకోవచ్చు.

ఎంత వెలుగు కావాలన్నది చాలామంది వాట్లలో అడుగుతారు. వాట్లు కరెంటు ఖర్చు లెక్క, వెలుగు లెక్క ల్యూమెన్లు. మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 800 నుంచి 900 ల్యూమెన్లు ఇస్తుంది, పెట్టె మీద రాసే ఉంటుంది. ఇప్పుడు ఒక లెక్క చూడండి. 800 ల్యూమెన్లు కిందికి పరిచే దీపాన్ని 8 అడుగుల ఎత్తులో, అంటే రెండున్నర మీటర్ల దగ్గర పెడితే, సరిగ్గా దాని కింద నేల మీద 40 లక్స్ (నేల మీద పడే వెలుగుకి కొలత) దాకా పడుతుంది, పది అడుగులు పక్కకి జరిగితే 7 లక్స్ దగ్గరికి దిగుతుంది. తక్కువ అనిపిస్తోందా? నిండు పున్నమి వెన్నెల అర లక్స్ కూడా ఉండదు, అయినా వెన్నెల్లో దారి పోల్చుకుని నడుస్తాం. తోట దారికి 5 నుంచి 10 లక్స్ ఉంటే హాయిగా సరిపోతుంది. అదే దీపాన్ని వీధి దీపంలాగా 20 అడుగుల ఎత్తుకి ఎక్కిస్తే నేరుగా కింద కూడా 7 లక్స్ మించదు, ఎందుకంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. అప్పుడు వాట్లు పెంచుకుంటూ పోవాలి, పెంచితే పక్కింటివాళ్లతో గొడవ.

కాబట్టి మామూలు ఇంటి తోటకి 7 నుంచి 9 అడుగుల స్తంభం సరైన కొలత, రెండు స్తంభాల మధ్య 20 నుంచి 25 అడుగుల దూరం. ముప్ఫై దాకా లాగొచ్చు కానీ మధ్యలో కొంచెం మసకగా ఉంటుంది. నడక దారి సన్నగా ఉండి, పక్కన గుబురు మొక్కలుంటే అసలు పొడుగు స్తంభాలే వద్దు, మోకాలి నుంచి నడుము ఎత్తుండే బొల్లార్డ్ లైట్లు ఏడెనిమిది అడుగులకొకటి పెడితే నేల బాగా కనపడుతుంది. గేటు దగ్గర మాత్రం మొహం కనపడాలి కాబట్టి అక్కడ పొడుగు స్తంభమో, పిల్లర్ లైటో ఉండాల్సిందే.

ఇవన్నీ కాగితం మీద తేల్చుకునే కన్నా ఒక చిన్న పని చేయండి. చార్జింగ్ లైటు ఒకటి తీసుకుని వెదురు కర్రకి కట్టి, చీకటి పడ్డాక మీరనుకున్న చోట ఎవరినైనా పట్టుకుని నిలబడమనండి. ఇంకొకరు గేటు నుంచి గుమ్మం దాకా నడవండి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి, పడకగది కిటికీలోంచి చూడండి. స్తంభం నాలుగడుగులు అటో ఇటో జరగాలని అక్కడికక్కడే తెలిసిపోతుంది. చెట్లు ఉన్న దొడ్డి అయితే తల పైకెత్తి కూడా చూడాలి. కొబ్బరి చెట్టు కింద దీపస్తంభం పెట్టడమంటే మట్టో కాయో పడి పగిలే రోజు కోసం ఎదురు చూడటమే. మామిడి కొమ్మ ఇవాళ దూరంగా ఉన్నా నాలుగేళ్లలో దీపాన్ని కప్పేస్తుంది.

రంగు, పురుగులు, చామంతులు

మన దగ్గర షాపులో ఏమీ అడక్కుండా లైటు తీసుకుంటే చేతికి వచ్చేది సాధారణంగా 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) తెల్ల లైటు, నీలం ఛాయ కొట్టే తెలుపు. తోటకి అది వద్దు. 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్న వార్మ్ వైట్ అడగండి. కంటికి హాయిగా ఉండటం ఒక్కటే కారణం కాదు. నీలం పాళ్లు ఎక్కువున్న వెలుగుకి పురుగులు ఎక్కువగా వస్తాయి. తొలకరి వాన పడిన సాయంత్రం ఉసిళ్లు ఎలా ముసురుకుంటాయో తెలిసిందే కదా, వాటి వెనకే కప్పలు, బల్లులు, కప్పల వెనక పాములు. వార్మ్ వైట్ పెడితే పురుగులు పూర్తిగా ఆగవు, తగ్గుతాయి. గుమ్మానికి దగ్గరగా కాకుండా పది పదిహేనడుగుల దూరంలో స్తంభం పెడితే వచ్చిన పురుగులు కూడా ఇంట్లోకి రాకుండా అక్కడే ఆగుతాయి.

మొక్కల సంగతి ఎవరూ పట్టించుకోరు, నాకు అదే బాధ. చామంతి మొగ్గ తొడగాలంటే పొడుగాటి చీకటి రాత్రులు కావాలి, అందుకే అది మనకి చలికాలంలో విరగబూస్తుంది. పూత ఆలస్యం చేయాలనుకున్న పూల రైతులు రాత్రిపూట చేలో బల్బులు వెలిగించే పద్ధతి కూడా ఉంది. మరి మన చామంతి కుండీల పక్కనే తెల్లవార్లూ లైటు వెలిగిస్తూ, ఈ ఏడు పువ్వే రాలేదని ఎరువు మార్చుకుంటూ కూర్చుంటే ఏం లాభం? పూల మడిని వెలుగుకి దూరంగా ఉంచండి, లేదంటే రాత్రి పదింటికి ఆ స్తంభం ఆరిపోయేట్టు చేయండి. ఊరి చివర ఇళ్లలో మిణుగురులు ఇంకా కనిపిస్తున్నాయంటే అది అదృష్టం, ఆ మూలని చీకటిగా వదిలేయండి. ఇంకో మాట, తులసికోటకి ఆనుకుని స్తంభం పెట్టకండి. కార్తీకమాసంలో అక్కడ ప్రమిద వెలిగిస్తే ఆ వెలుగు కనపడాలి, ఎనిమిది వందల ల్యూమెన్ల కింద నూనె దీపం ఉందో లేదో కూడా తెలియదు.

సోలారా, కరెంటా?

సోలార్ అంటే గొయ్యి తవ్వక్కర్లేదు, వైరు లాగక్కర్లేదు, షాక్ భయం లేదు. నిజంగానే ఇవి పెద్ద లాభాలు, ముఖ్యంగా గేటు మరీ దూరంగా ఉన్న ఫామ్‌హౌస్‌లకి. చిక్కు ఎక్కడుందంటే పెట్టె మీద రాసే అంకెల్లో. ఆన్‌లైన్‌లో 100 వాట్ల సోలార్ లైటు అని అమ్మేదాన్ని తెరిచి చూస్తే పైన అరచేతి పరిమాణంలో 6 వాట్ల ప్యానెల్ ఉంటుంది. మన దగ్గర మంచి ఎండ రోజున ప్యానెల్‌కి అయిదు గంటల పూర్తి ఎండ దొరికిందనుకుందాం. 6 వాట్లని 5 గంటలతో గుణిస్తే 30 వాట్-అవర్లు. దాన్ని పన్నెండు గంటల రాత్రికి పంచితే వచ్చేది రెండున్నర వాట్లు, అదీ బ్యాటరీలో ఏ నష్టం లేదనుకుంటే. ఆ పెట్టె మీద ఏం రాసినా ప్యానెల్ ఇచ్చినదాని కన్నా ఎక్కువ వెలుగు రాత్రంతా రాదు. నిజంగా 10 వాట్ల దీపం తెల్లవార్లూ వెలగాలంటే 40 వాట్ల ప్యానెల్ అయినా కావాలి, అది స్తంభం నెత్తిన చిన్న బల్లంత ఉంటుంది. జులై, ఆగస్టుల్లో ముసురు పట్టిందంటే అదీ చాలదు. చెట్ల నీడ పడే తోట అయితే సోలార్ మాటే మర్చిపోవచ్చు.

అందుకే నా సలహా, దారి అంచుల వెంట అందానికి చిన్న చిన్నవి సోలార్ పెట్టుకోండి, కొనేటప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నవి, బ్యాటరీ మార్చుకునే వీలున్నవి చూడండి. గేటు, మెట్లు, మోటారు స్టార్టర్ లాంటి తప్పనిసరి చోట్లకి కరెంటు దీపమే ఉండాలి. బిల్లుకి భయపడక్కర్లేదు. 9 వాట్ల దీపాలు నాలుగు రాత్రికి పన్నెండు గంటలు వెలిగినా నెలకి 13 యూనిట్లు. పాత 60 వాట్ల బల్బుల రోజుల్లో ఇదే పనికి 86 యూనిట్లు అయ్యేది.

మధ్యేమార్గంగా 12 వోల్టుల లైట్లు ఉన్నాయి, ట్రాన్స్‌ఫార్మరో అడాప్టరో ఇంట్లో పెట్టి సన్నటి వైరు తోటలోకి లాగేవి. తాకినా ప్రమాదం లేదు, పిల్లలున్న ఇంట్లో, నీళ్ల తొట్టి పక్కన ఇవి మంచివి. కానీ వోల్టేజీ తక్కువైతే అవే వాట్లకి కరెంటు ఎక్కువ పారాలి, వైరులో నష్టం పెరుగుతుంది. 30 మీటర్ల దూరంలో మొత్తం 40 వాట్ల దీపాలుంటే, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీద 12 వోల్టుల్లో 2.4 వోల్టులు దారిలోనే పోతాయి, అంటే అయిదో వంతు. అదే వైరు మీద అదే 40 వాట్లు 230 వోల్టుల్లో పంపిస్తే పోయేది పావు వోల్టు కూడా కాదు. చివరి లైటు మసగ్గా వెలుగుతోందని ఫిర్యాదు చేసే 12 వోల్టుల తోటల్లో చాలావాటి కథ ఇదే. దగ్గర దూరాలకి 12, దూరం పోవాలంటే 230.

నేలలో పాతితే ఎర్తింగ్ అయినట్టేనా?

ఈ భాగం మాత్రం దయచేసి నెమ్మదిగా చదవండి, మిగతాదంతా దాటేసినా పర్లేదు. ఇనుప స్తంభం భూమిలోనే ఉందిగా, దానికి మళ్లీ ఎర్త్ వైరు ఎందుకండీ అనే మాట పని చేసేవాళ్ల నోట కూడా వింటుంటాం. ఇది ప్రాణాలు తీసే అపోహ. లోపల ఫేజ్ వైరు తోలు ఊడి స్తంభానికి తగిలిందనుకోండి. కాంక్రీటు దిమ్మెలో నిలబడ్డ స్తంభానికీ భూమికీ మధ్య నిరోధం వంద ఓములు ఉందనుకుంటే, 230 వోల్టుల్ని వందతో భాగిస్తే పారే కరెంటు 2.3 ఆంపియర్లు. బోర్డులో ఉన్న 6 ఆంపియర్ల ఎంసీబీకి, అంటే లోడు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్‌కి, ఇది మామూలు లోడు కిందే లెక్క, అది కదలదు. స్తంభం మాత్రం రోజుల తరబడి కరెంటుతో నిండి ఉంటుంది. ఎండాకాలం చెప్పులేసుకుని తాకితే చిన్న జివ్వుమనే స్పర్శ, వానలో తడిసిన కాళ్లతో ఒక పిల్లాడు దాన్ని పట్టుకుంటే ఏమవుతుందో రాయలేను. వానాకాలం వచ్చిందంటే పేపర్లలో స్తంభం తాకి మృతి అనే వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం.

రెండు రక్షణలు కలిపి ఉండాలి. ఒకటి, ప్రతి లోహపు స్తంభానికీ ఆకుపచ్చ ఎర్త్ వైరు బోల్టుతో బిగించి, అది తిరిగి ఇంటి ఎర్తింగ్ గుంట దాకా వెళ్లాలి. అంటే తోటలోకి పోయే కేబుల్ రెండు వైర్లది కాకూడదు, ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ ఉన్నది కావాలి. రెండోది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది లెక్క చూస్తూ ఉంటుంది, తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే, రెప్పపాటులో సరఫరా తెంచేస్తుంది. పైన చెప్పిన 2.3 ఆంపియర్లు ఎంసీబీకి కనపడలేదు, ఆర్‌సీసీబీకి అది అవసరమైనదానికి డెబ్భై రెట్లకి పైగా ఎక్కువ. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా ఉంటాయి, వాటిని మనుషుల్ని కాపాడటానికి పెట్టరు.

తోటకి ఆర్‌సీసీబీ విడిగా పెట్టించండి. ఇల్లంతటికీ కలిపి ఒక్కటే ఉంటే అర్ధరాత్రి వానకి తోట లైటులో చెమ్మ చేరి ఇల్లంతా చీకటైపోతుంది, పొద్దున్నే విసుగుతో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి దాన్ని బైపాస్ చేయించేస్తారు. అలా బైపాస్ చేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. వానపడ్డప్పుడల్లా అది పడిపోతోందంటే ఎక్కడో నీళ్లు చేరాయని అది చెబుతోంది, ఆ చోటు వెతికి బాగుచేయాలి. ఇంకో సాంకేతిక చిక్కు: తోట లైట్లలో ఒకదాన్ని ఇన్వర్టర్ మీద వేయాలనుకుంటే దాని ఫేజూ న్యూట్రలూ రెండూ ఒకే ఆర్‌సీసీబీ గుండా పోవాలి. ఫేజ్ ఒకచోట నుంచి, న్యూట్రల్ ఇంకోచోట నుంచి తీసుకుంటే లెక్క తప్పి లీకేజీ లేకపోయినా పడిపోతూ ఉంటుంది. ఈ సంగతి పని మొదలుపెట్టక ముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుకోవాలి.

కేబుల్ దారి

భూమిలో పోయే కేబుల్‌కి శత్రువులు ముగ్గురు: పందికొక్కులు, చెదలు, మొక్కలకి గుంత తీసే గునపం. ఇంట్లో గోడల్లో వేసే మామూలు వైరుని పీవీసీ పైపులో దూర్చి అర అడుగు లోతున పూడ్చేసే పని చూస్తూనే ఉంటాం, అది ఎన్నాళ్లో ఉండదు. ఇనుప తీగల కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్ తీసుకోండి, మూడు కోర్లది, రాగిది, ఇంటి తోటకి 1.5 లేదా 2.5 చదరపు మిల్లీమీటర్లు చాలు. కవచాన్ని కూడా గ్లాండ్ (కేబుల్ చివర బిగించే లోహపు బిగింపు) ద్వారా ఎర్త్‌కి కలపాలి. ఐఎస్ 1255 అనే భారతీయ ప్రామాణికం తక్కువ వోల్టేజీ కేబుళ్లకి కనీసం 75 సెంటీమీటర్ల లోతు చెబుతుంది, అంటే రెండున్నర అడుగులు. కూలీలు ఒకటిన్నర దగ్గర ఆపేద్దామంటారు, మీరు పక్కనే నిలబడండి. అడుగున ఇసుక పరిచి, కేబుల్ వేసి, మళ్లీ ఇసుక పోసి, పైన వరసగా ఇటుకలు పేర్చి అప్పుడు మట్టి కప్పాలి. రేపెవరైనా గునపం దింపితే ముందు ఇటుక తగులుతుంది, ఆ మనిషి ఆగుతాడు. కారు పోయే చోట, దారి దాటే చోట మందపాటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులోంచి తీసుకెళ్లండి.

భూమి లోపల ఎక్కడా జాయింటు ఉండకూడదు, టేపు చుట్టినా సరే, ఎంత గట్టిగా చుట్టానని చెప్పినా సరే. కేబుల్ ఒక స్తంభం మొదట్లోకి వచ్చి, అక్కడ తలుపు వెనక టెర్మినల్ బ్లాకులో బిగిసి, అక్కణ్నుంచి ఇంకో ముక్క రెండో స్తంభానికి పోవాలి. ఆ తలుపు నేలకి కనీసం అడుగున్నర ఎత్తులో ఉన్న స్తంభమే కొనండి, వాననీళ్లు నిలిచే తోటల్లో ఇది చాలా ముఖ్యం. స్విచ్ ఫేజ్ మీదే ఉందా అన్నది టెస్టర్ పెట్టి మీ ముందే చూపించమనండి. న్యూట్రల్ మీద స్విచ్ పెడితే లైటు ఆరుతుంది కానీ హోల్డర్‌లో కరెంటు అలాగే ఉంటుంది.

మట్టిని బట్టి పునాది

ఎనిమిది అడుగుల స్తంభానికి ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, రెండడుగుల లోతు గుంత తీసి, 1:1.5:3 పాళ్లలో సిమెంటు, ఇసుక, కంకర కలిపి పోస్తే మామూలు ఎర్రమట్టిలో గట్టిగా నిలబడుతుంది. కాంక్రీటు పోయకముందే కేబుల్ వచ్చే పైపు వంపు మధ్యలో పెట్టాలి, నాలుగు బోల్టులూ స్తంభం అడుగు ప్లేటు కన్నాలకి సరిపోయేట్టు చెక్క అచ్చులో బిగించాలి. పైపు మర్చిపోయి కాంక్రీటు పోసి, తర్వాత వైరు బయట నుంచి గోడ పాకినట్టు పాకించే పనులు అందుకే జరుగుతాయి. దిమ్మె నేల కన్నా నాలుగైదు అంగుళాలు పైకి లేవాలి, పై అంచు చుట్టూ వాలుగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. వారం రోజులు నీళ్లు పెట్టి, ఆ తర్వాతే స్తంభం ఎక్కించి రసమట్టంతో రెండు వైపులా చూసి బిగించాలి.

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ లాంటి చోట్ల నల్లరేగడి అయితే ఈ లెక్క మారుతుంది. ఆ నేల వానకి ఉబ్బి, ఎండకి బీటలు తీస్తుంది, రెండు సీజన్లలో స్తంభం పక్కకి ఒరుగుతుంది. మూడడుగుల లోతు పోయి, దిమ్మె చుట్టూ అడుగు మేర నల్లమట్టి తీసేసి మొరం దట్టించాలి. హైదరాబాద్‌లో తరచూ రెండడుగులు తవ్వకముందే బండ తగులుతుంది, అప్పుడు బండలోకే డ్రిల్ చేసి కెమికల్ యాంకర్ బోల్టులు (రసాయన జిగురుతో బండలో అతుక్కునేవి) దింపడం మంచిది. తీరంలో ఇసుక నేల అయితే లోతు కన్నా దిమ్మె వెడల్పు పెంచాలి.

తీరంలో గాలి కూడా వేరు. భవనాల మీద గాలి భారం లెక్కగట్టే ఐఎస్ 875 ప్రామాణికంలో హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్ల గాలి వేగం తీసుకుంటే, విజయవాడకీ విశాఖకీ 50 తీసుకుంటారు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. తేడా చిన్నదిగా కనపడుతుంది కానీ గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి భారం దాదాపు 30 శాతం ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో కూలిపోయాయి. అలాంటి చోట నాలుగు తలల లాంతర్లున్న భారీ స్తంభం కన్నా ఒకే తల, చిన్న తల, సన్నటి స్తంభం నయం.

లోహం సంగతి కూడా తీరానికీ లోపలికీ తేడా ఉంది. హైదరాబాద్‌లో మామూలు ఇనుప పైపు మీద మంచి పౌడర్ కోటింగ్ ఉన్నా నడిచిపోతుంది, గీతలు పడ్డచోట వెంటనే రంగు వేస్తే. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ గాలిలో ఉప్పు దాన్ని రెండు మూడేళ్లలో తినేస్తుంది, అదీ లోపల నుంచి. అక్కడ హాట్ డిప్ గాల్వనైజింగ్ చేసిన (కరిగిన జింకులో ముంచిన) స్తంభం గానీ, దళసరి అల్యూమినియం గానీ తీసుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 304 రకం తుప్పు మచ్చలు పడుతుంది, 316 అడగండి. బోల్టులు, నట్లు కూడా అదే రకంవి కావాలి, అక్కడే ఎక్కువమంది పొదుపు చేసి దెబ్బతింటారు. అల్యూమినియం స్తంభాన్ని నేరుగా పచ్చి కాంక్రీటులో పాతకూడదు, సిమెంటులోని క్షారం దాన్ని తింటుంది, పాతే భాగానికి తారు పూత పూయాలి.

దీపం మీద ఐపీ అనే అంకె చూడండి. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. పోర్టికో కింద ఐపీ 44 సరిపోతుంది, ఆరుబయట ఐపీ 65 ఉండాలి. అంకె నమ్మడం కన్నా మూత విప్పి చూడటం మేలు: లోపల చుట్టూ రబ్బరు వాషర్ ఉందా, వైరు వచ్చే చోట గ్లాండ్ ఉందా, లేక ఉత్త కన్నమేనా. బల్బు విడిగా మార్చుకునే రకమా, ఎల్‌ఈడీ లోపలే అతికించిన రకమా అని కూడా అడగండి. నేను మొదటి రకం వైపే. అతికించినదైతే డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే లోపలి సర్క్యూట్) పోయిన రోజు అదే మోడల్ దొరక్క దీపం మొత్తం మార్చాల్సి వస్తుంది. చాలా తోట దీపాలకి మరలున్న ఈ27 హోల్డర్ వస్తుంది, ఇంట్లో వాడే పిన్నుల బల్బు దానికి పట్టదు, రెండు బల్బులు అదనంగా కొని ఉంచుకోండి. పిడుగులకీ, కరెంటు వచ్చీ పోయేటప్పటి ఉలికిపాట్లకీ ఎల్‌ఈడీ డ్రైవర్లు తొందరగా పోతాయి, ఊళ్లలో అయితే బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి పెట్టించడం దండగ కాదు.

వెలిగించడం, ఆర్పడం ఎవరూ గుర్తుపెట్టుకోరు కాబట్టి డే నైట్ సెన్సర్ గానీ టైమర్ గానీ పెట్టండి. మామూలు టైమర్‌తో చిక్కేంటంటే హైదరాబాద్‌లో నవంబరులో అయిదు నలభైకే పొద్దు గూకుతుంది, జులై మొదట్లో ఏడింటికి అయిదు నిమిషాల ముందు దాకా వెలుతురుంటుంది, మధ్యలో సర్దుకుంటూ ఉండాలి. తేదీని బట్టి సూర్యాస్తమయం లెక్కగట్టే ఆస్ట్రో టైమర్లు వస్తున్నాయి, కాస్త ఖరీదు. సెన్సర్ అయితే దాని కంటి మీద ఆ దీపం వెలుగే పడకుండా పెట్టాలి, పడితే రాత్రంతా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. నాకు నచ్చిన ఏర్పాటు ఏంటంటే గేటు దీపం ఒక్కటే తెల్లవార్లూ, మిగతావి రాత్రి పది దాకా.

పని పూర్తయ్యే రోజుల్లో రెండు పనులు మర్చిపోకండి. గొయ్యి పూడ్చే ముందు కేబుల్ పోయే దారిని గోడ నుంచి టేపు పెట్టి కొలిచి ఫొటోలు తీసుకోండి, టేపు అంకెలు ఫొటోలో కనపడాలి. ఆ ఫొటోలు ఇంటి కాగితాలతో పాటు దాచండి, రేపు జామ మొక్క నాటేటప్పుడు, బోరు పైపు మార్చేటప్పుడు అవి కావాలి. ఇక ఏటా మే నెలలో, తొలకరికి ముందు, మెయిన్ ఆపి ప్రతి స్తంభం మొదట్లో తలుపు తెరిచి చూడండి: చీమల పుట్ట ఉంటే తీసేయండి, ఎర్త్ బోల్టు వదులైతే బిగించండి, రబ్బరు ఎండిపోతే మార్చండి, దీపం మూతలో చేరిన పురుగుల్ని దులపండి. అన్నీ మూసి మెయిన్ వేశాక ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అనే చిన్న బటన్ నొక్కండి. టక్కున పడిపోతే బాగున్నట్టు. పడకపోతే ఆ రోజే కొత్తది తెప్పించండి, అది వచ్చేదాకా తోట స్విచ్ వేయకండి.